అమ్మవారి సీటు

నాగదుర్గకి చచ్చినవాళ్ళంటే భయం లేదు. విసుగు.

ఆటోనగర్లో అంకమ్మరావు టింకరింగ్ షెడ్డు వెనకభాగంలో రెండు మిషన్లు వేసుకుని కార్లకీ లారీలకీ సీటు కవర్లు కుడుతుంది ఆవిడ. నలభై నాలుగేళ్ళు. పుట్టింది పెడనలో మగ్గాల ఇంట్లో. ఆరేళ్ళప్పటినుంచి నాయనమ్మ పక్కన కూచుని కండెలు చుట్టిన మనిషికి దారం సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. బ్రేకుల మెకానిక్ కిరీటిని చేసుకుని బెజవాడ వచ్చాక నూలు పోయి రెగ్జిన్ వచ్చింది, మగ్గం పోయి మిషను వచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. కాకపోతే ఆ షెడ్డుకి యాక్సిడెంటు బళ్ళు వస్తాయి. తంటా అంతా అక్కడే.

యాక్సిడెంటు బండి రాగానే అంకమ్మరావు దాని ముందు గుమ్మడికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, "పీడ పోయింది, ఇక పని మొదలెట్టండి" అంటాడు. పోయేది గుమ్మడికాయ ఒక్కటే. నాగదుర్గ తలుపు తీసి చూసేసరికి లోపల మనిషి కూచునే ఉంటాడు. ఏ సీట్లో ప్రాణం పోయిందో ఆ సీట్లోనే. పద్నాలుగేళ్ళుగా చూస్తోంది, ఒక్కరు పక్క సీటుకి జరిగిన పాపాన పోలేదు. రక్తాలు కారడాలూ జుట్టు విరబోసుకోడాలూ ఏమీ ఉండవు. బస్టాండులో బస్సు రాక కూచున్న జనంలా ఉంటారు. సీటు విప్పుకోవాలి, కాస్త లేవండి బాబూ అని బతిమాలినా లేవరు.

పైగా ఒక్కొక్కళ్ళకి ఒక్కటే మాట. ప్రాణం పోయేముందు మనసులో ఏది ఉంటే దాన్నే పట్టుకుని వేలాడతారు. నందిగామ దగ్గర బోల్తాపడ్డ లారీ డ్రైవరు "నా కేరేజీ ఎక్కడ పెట్టారు" అని పదకొండు రోజులు అడిగాడు. కంకిపాడు పిల్ల ఒకతి "చార్జరుందా ఆంటీ" తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. పేరడిగితే చార్జరు, ఊరడిగితే చార్జరు. చివరికి నాగదుర్గ తన చార్జరే తెచ్చి ఆ సీటు మీద పెట్టింది. మర్నాటికి పిల్ల లేదు. ఆ పూట నాగదుర్గ మిషను ముందు కూచుని చాలాసేపు ఏడ్చింది. చార్జరు మళ్ళీ పనిచేయలేదు, అది వేరే కోపం.

మొదట్లో ఈ సంగతి మొగుడికి చెప్పింది. కిరీటి శ్రద్ధగా విని, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి జోడు రాయించాడు. జోడు పెట్టుకున్నాక వాళ్ళు ఇంకా స్పష్టంగా కనపడ్డారు. అప్పటినుంచి ఇంకెవరికీ చెప్పడం మానేసింది.

అలాంటి మనిషికి కూడా రావుగారి కారు షెడ్డులోకి వచ్చిన బుధవారం చేతులాడలేదు.

రావుగారంటే రామకోటేశ్వరరావుగారు. వన్‌టౌన్‌లో చేనేత బట్టల హోల్‌సేలు కొట్టు ఆయనది, వేణుగోపాల్ అనే ఆయనతో భాగస్వామ్యం. నెల కిందట ఒక గురువారం చీకటి పడే వేళ రావుగారి తెల్లకారు మైలవరం దారిలో కాలవలో పడింది. క్రేను పెట్టి తీస్తే ఆయన వెనకసీట్లో ఉన్నాడు. ముందునుంచి నీళ్ళు నిండుతుంటే పాపం వెనక్కి పాకి ఉంటాడన్నారు పోలీసులు. ఆ కారుకి ఆ సాయంత్రమే బ్రేకులు చేసి ఇచ్చినవాడు కిరీటి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ముందు ఎడమ చక్రం దగ్గర బ్రేకు పైపు నట్టు వదులుగా ఉందని రాసి వెళ్ళిపోయాడు. క్రేను గొలుసు ఆ చక్రానికే తగిలించి లాగారన్న ముక్క ఆ కాయితంలో లేదు. కేసు కిరీటి మీద పడింది.

కేసుతో అయితే నాగదుర్గ పోట్లాడగలదు. మొగుడితోనే పోట్లాడలేకపోతోంది. కిరీటికి ఆ నట్టు బిగించినట్టు గుర్తులేదు. ఇరవయ్యేళ్ళుగా రోజూ నట్లు విప్పి బిగించే మనిషికి ఫలానా గురువారం ఫలానా నట్టు బిగించడం గుర్తుంటుందా? నిన్న పొద్దున తలుపు గొళ్ళెం వేసిన సంగతి మీకు గుర్తుందా? అదే అడిగింది నాగదుర్గ. కిరీటి వినలేదు. తన షాపుకి తాళం వేసి ఇంట్లో కూచున్నాడు. కుర్చీలో కూచునే కుడిచెయ్యి చాపి, లేని స్పానరు పట్టుకుని తిప్పుతాడు. సగం తిప్పి ఆగిపోతాడు. అది చూడలేక నాగదుర్గ వంటింట్లోకి పోతుంది.

"సోమవారం కోర్టులో ఒప్పేసుకుంటాను నాగా," అన్నాడు మంగళవారం అన్నం ముందు కూచుని. "తప్పు నాదేనని చెప్పేస్తా. ఒక మనిషి పోయాడు."

"మీరు బిగించారండీ."

"నువ్వు చూశావా?"

"ఆ నట్టు చూడలేదు. మిమ్మల్ని చూశాను. గ్యాస్ బండ రెగ్యులేటరు నాలుగుసార్లు తిప్పి చూసే మనిషి మీరు!"

"నువ్వు చూశావా అని అడుగుతున్నా."

నాగదుర్గ కంచం తీసేసింది. ఆయనెలాగూ తినడం లేదు.

ఆ మర్నాడే కారు వచ్చింది. రావుగారి భార్య రేణుకగారికి దాన్ని ఇంటిముందు చూడటం ఇష్టంలేక, బాగుచేయించి అమ్మేయమని అంకమ్మరావుకి పంపించింది. నాగదుర్గ గుండె దిటవు చేసుకుని వెనక తలుపు తీసింది. బురద వాసన గుప్పుమంది. ఎడమవైపు సీట్లో తెల్లచొక్కా వేసుకుని రావుగారు కూచుని ఉన్నారు.

"వచ్చావా అమ్మాయ్," అన్నారాయన. "అమ్మవారేదీ?"

ఆ అమ్మవారెవరో నాగదుర్గకి తెలుసు. మూడేళ్ళ కిందట ఈ కారుకి మెరూన్ రెగ్జిన్ మీద పసుపు దారంతో కవర్లు కుట్టింది తనే. అప్పుడు రావుగారు డ్యాష్‌బోర్డు మీది కనకదుర్గమ్మ బొమ్మ చూపించి, "మనకి మెత్తటి సీట్లూ, అమ్మవారికి బోడి ప్లాస్టికూనా? మిగిలిన ముక్కతో ఆవిడకీ ఒక సీటు కుట్టవమ్మా" అన్నాడు. నాలుగు వేళ్ళ వెడల్పున పీట లాంటిది కుట్టింది. ఆఖరి మూల దగ్గర పసుపు దారం అయిపోతే అయిదు కుట్లు ఆకుపచ్చ దారంతో వేసేసింది. ఆయన జోడు పైకెత్తి చూసి మరీ ఆ కుట్లని కనిపెట్టేశాడు. విప్పి కుడతానంటే, "వద్దులే, అమ్మవారికి దిష్టి తగలకుండా ఉంటుంది" అన్నాడు. మంచివాడు. అది కాదనడానికి లేదు.

"రావుగారూ, అమ్మవారి సంగతి తర్వాత చూద్దాం. బ్రేకు పడిందా లేదా? ఆ ఒక్కటీ చెప్పండి."

"అమ్మవారేదీ?"

"కాలవలో కొట్టుకుపోయి ఉంటారండీ."

"లేదమ్మా. అమ్మవారు దిగిపోయారు."

"సరే, దిగిపోయారు. బ్రేకో?"

"అమ్మవారు దిగిపోయారు."

బుధవారమంతా అదే మాట. గురువారమూ అదే. నాగదుర్గ అరిచింది, దణ్ణం పెట్టింది, వినపడనట్టు పని చేసుకుంది, మళ్ళీ అరిచింది. మీ మూలాన నా మొగుడు అన్నం మానేశాడు, సోమవారం లేని నేరం నెత్తిన వేసుకోబోతున్నాడు, మీకు జాలి లేదా అని అడిగింది. ఆయన జాలిగానే చూశాడు, చూసి "అమ్మవారు దిగిపోయారమ్మా" అన్నాడు. బతికున్న మనిషైతే రెక్క పట్టుకుని కిందికి లాగేసేది.

కారులో కూచుని ఒంటరిగా వాదించుకుంటున్న నాగదుర్గని టీ ఇచ్చే తెరేసమ్మ చూసి, సాయంత్రం గుణదల మేరీమాత దగ్గర్నుంచి చిన్న సీసాలో పవిత్రజలం తెచ్చింది. ప్రార్థన చేసి వెనకసీటు మీద మూడుసార్లు చల్లింది. "ఇంక ఏమన్నా ఉంటే వెళ్ళిపోద్ది వదినా," అంది. రావుగారు చొక్కా దులుపుకుని కూచున్నాడు. వెళ్ళలేదు.

శుక్రవారం పొద్దున నాగదుర్గ ఆయనతో మాట్లాడటం మానేసి, ముందు డ్రైవరు సీటు కవరు విప్పుదామని ఎక్కి కూచుంది. కాళ్ళు చాపితే పెడళ్ళు అందలేదు.

ఆవిడేమీ పొట్టి కాదు. రావుగారే పొట్టి. నాగదుర్గ భుజం దాకా వస్తాడు. ఆయన కోసం డ్రైవరు సీటుని ముందుకు, ఇక చాలనేదాకా జరిపి, కింద ఇంకో ఫోము ముక్క వేసి కవరు కుట్టింది తనే. ఇప్పుడా సీటు వెనక్కి, చిట్టచివరిదాకా తోసి ఉంది. అంత వెనక కూచుంటే ఆయన పాదం బ్రేకు దాకా పోదు. నట్టు బిగించి ఉంటేనేం, ఊడి ఉంటేనేం!

కిరీటికి చెబుదామని నాగదుర్గ ఫోను అందుకుంది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి ఆ ఉత్సాహం మీద నీళ్ళు పోసింది. నడిపి చూసేటప్పుడు మెకానిక్కే జరుపుకున్నాడంటారు. కిరీటిని అడిగితే, ఏమో గుర్తులేదు, జరిపానేమో అంటాడు. ఈ మధ్య ఆయన దేనికైనా అదే అంటున్నాడు.

తలెత్తేసరికి డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి చోటు కనపడింది. పీటని అంటించిన డబుల్ టేపు ఇంకా ఉంది. నీళ్ళ తోపుడుకి ఊడిపోతే టేపు పీలికలై ఉండాలి, లేదా మొత్తం లేచిపోవాలి. జిగురూ టేపులూ ఊడే తీరు నాగదుర్గకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇది మధ్యకి తిన్నగా కోసి ఉంది. ఎవరో కత్తెర నోరు అడ్డంగా దూర్చి, పీట చెడకుండా, నిదానంగా కోశారు. తర్వాత అమ్మవారిని రెండు చేతులా ఎత్తుకుని ఉంటారు. కారు కాలవలోకి పోకముందే.

"రావుగారూ," అంది వెనక్కి తిరిగి. "అమ్మవారు దిగిపోవడం మీరు చూశారా?"

"అమ్మవారు దిగిపోయారమ్మా," అన్నాడాయన. మూడు రోజులుగా చెబుతున్నాను కదా అన్నట్టుంది ఆ ముఖం.

చూశాడు. వెనకసీట్లో పడుకుని, మూతపడుతున్న కళ్ళతో ఆఖరుసారి చూసింది అదే. ఎవరో అమ్మవారిని కారులోంచి దించుకుపోవడం.

"ఎవరు దించారండీ?"

"అమ్మవారేదీ?"

నాగదుర్గ కత్తెర విసిరికొట్టింది. అది తలుపుకి తగిలి కింద పడింది.

అయినా ఆవిడ బుర్ర ఆగలేదు. మనిషిని నీళ్ళలో ముంచడానికి వెనకాడనివాడు అమ్మవారిని ముంచడానికి భయపడ్డాడు. అంత భయం ఉన్నవాడు ఆ బొమ్మని చెత్తకుప్పలో పారేస్తాడా? పారేయడు. ఎక్కడో పూజలో పెట్టుకుని ఉంటాడు, పూలు కూడా పెడుతూ ఉంటాడు. రేణుకగారికి ఫోను చేసింది.

"అమ్మా, రావుగారు స్టీరింగు ఎవరికైనా ఇచ్చేవారా?"

"వేణుగోపాల్ గారికి తప్ప చచ్చినా ఇవ్వరమ్మా," అందావిడ. "ఆయన పొడుగు మనిషి కదా. ఎక్కినప్పుడల్లా సీటు వెనక్కి తోసేస్తాడని ఈయన విసుక్కునేవారు. కానీ ఆ రోజు వేణుగోపాల్ గారు కొట్టు దాటలేదు, అంతకుముందు మూడు వారాలుగా కారే ఎక్కలేదు. పోలీసులకి అదే చెప్పారు. దినం పనులన్నీ దగ్గరుండి చేయించారమ్మా. కాకి ఎంతకీ పిండం ముట్టకపోతే నాకంటే ఎక్కువ ఆయనే ఏడ్చారు."

శనివారం పొద్దున్నే నాగదుర్గ వన్‌టౌన్ వెళ్ళింది. వేణుగోపాల్ గద్దె మీద కూచుని ఉన్నాడు. నుదుటిన రూపాయి బిళ్ళంత బొట్టు, చొక్కా జేబులోంచి బట్టలవాళ్ళ కత్తెర పిడి. శుక్రవారం శుక్రవారం చెప్పులు లేకుండా దుర్గమ్మ కొండెక్కే మనిషని పేరు. రెండు నేత దుప్పట్లు కావాలంది. తీసి పరిచాడు. నాగదుర్గ అంచు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. మగ్గం ముద్ర పడి ఉంది కానీ అది మగ్గం మీద దిగిన బట్ట కాదు, మరనేత. కండెలు చుట్టిన వేళ్ళకి అది తెలియడానికి నిమిషం పట్టదు. రావుగారికి తెలియకుండా ఎన్నాళ్ళు దాగుతుంది?

తల పైకెత్తింది. గద్దె పైన పూజ గూడులో, పటాల మధ్య, కనకదుర్గమ్మ. కింద మెరూన్ రెగ్జిన్ పీట. పసుపు దారం. కుడి మూల అయిదు కుట్లు ఆకుపచ్చ.

అయిదూ లెక్కపెట్టుకుంది. చేతులు జోడించింది.

"అమ్మవారు ఎంత కళగా ఉన్నారండీ! ఎక్కడ తీసుకున్నారు?"

"కొండ మెట్ల దగ్గరమ్మా. ఆరేళ్ళవుతుంది."

"ఫోటో తీసుకోనాండీ?"

"తీసుకో తల్లీ. చెప్పులు విప్పి తీసుకో."

చెప్పులు విప్పి తీసుకుంది.

ఇంటికొచ్చి కిరీటి ఫోను అడిగింది. పనికొచ్చిన ప్రతి బండికీ ఆయన రెండు ఫోటోలు తీస్తాడు, వచ్చినప్పుడు కిలోమీటర్లూ, నడిపి చూశాక కిలోమీటర్లూ. ఎవరైనా నా బండి వాడుకున్నావంటే చూపించడానికి. ఇరవయ్యేళ్ళ అలవాటు.

"ఎందుకిప్పుడు?" అన్నాడు కిరీటి.

"ఇవ్వండీ!"

"సోమవారం ఎలాగూ..."

"ఇంకోసారి సోమవారం అన్నారంటే నేనే మిమ్మల్ని కాలవలో తోస్తాను. ఇవ్వండి!"

ఇచ్చాడు. ఆ గురువారం, సాయంత్రం అయిదూ నలభై రెండు. కిలోమీటర్ల అంకెలు, స్టీరింగు, ఆ పైన డ్యాష్‌బోర్డు మీద అమ్మవారు. పీట మూలన అయిదు ఆకుపచ్చ కుట్లు, ఫోటో పెద్దది చేస్తే లెక్కపెట్టుకోవచ్చు.

రేణుకగారిని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది. ఎస్సై మొదట సగం విని ఫోను మాట్లాడుకున్నాడు. తర్వాత మూడొంతులు విని, "కుట్లేంటమ్మా, కుట్లు పట్టుకుని కేసు నడుస్తుందా?" అన్నాడు. నాగదుర్గ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టింది. పీట తను ఎప్పుడు కుట్టిందో, ఎందుకు కుట్టిందో, దారం ఎక్కడ అయిపోయిందో చెప్పింది. చచ్చినవాళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు, ఆ మాత్రం లౌక్యం ఆవిడకుంది. ఎస్సై ఈసారి ఫోటోలని చాలాసేపు చూశాడు. మూడు వారాలుగా కారెక్కలేదని వేణుగోపాల్ రాసిచ్చిన కాయితం తీయించాడు. అది చదివి టోపీ పెట్టుకున్నాడు.

సాయంత్రం కొట్టులో జనం ఉండగానే ఎస్సై, కానిస్టేబులు, వెనకే ఆడవాళ్ళిద్దరూ వెళ్ళారు. వేణుగోపాల్ నిమ్మకి నీరెత్తినట్టు లేచి నమస్కారం పెట్టాడు, కూల్‌డ్రింకులు తెమ్మన్నాడు. ఎస్సై ఏమీ మాట్లాడకుండా గూడు వైపు చూపిస్తే కానిస్టేబులు చెయ్యి చాపాడు.

"బూట్లతో ముట్టుకోకండి సార్!" అని వేణుగోపాల్ అరిచాడు.

"ఆ గురువారం సాయంత్రం దాకా కారులో ఉన్న అమ్మవారు మీ గూట్లోకి ఎలా వచ్చారు?" అని అడిగాడు ఎస్సై. ఫోను తెర ఆయన ముఖం ముందు పెట్టాడు.

వేణుగోపాల్ ఆ ఫోటో చూశాడు, గూడు చూశాడు. కొండ మెట్ల దగ్గర కొన్నానని మళ్ళీ అనబోయాడు. నోరు తెరిచాడు కానీ వచ్చింది వేరే మాట.

"అమ్మవారిని నీళ్ళలో ఎలా వదిలేస్తాం సార్?"

రేణుకగారు బట్టల మూట మీద కూలబడింది. అక్కణ్ణుంచే అడిగింది.

"మరి ఆయన్నో?"

వేణుగోపాల్ గూడు వైపు తిరిగి చేతులు జోడించాడు.

మిగతాదంతా ఆ రాత్రి స్టేషనులో చెప్పేశాడు. మరనేత బట్టకి మగ్గం ముద్ర వేసి అమ్ముతున్నట్టు రావుగారు కనిపెట్టారు. మర్నాడు నేతవాళ్ళ సొసైటీలో చెప్పేస్తానన్నారు. మైలవరంలో నేతవాళ్ళతో మాట్లాడి సర్దుకుందాం రమ్మని వేణుగోపాల్ ఆయన్ని బయల్దేరదీసి, తనే స్టీరింగు పట్టి, దారిలో మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చాడు. ఆయన వెనకసీట్లో నిద్రపోయాక కాలవ గట్టు వాలున కారు వదిలేశాడు. వదిలేముందు దీపాలార్పి, అమ్మవారికి దణ్ణం పెట్టి దించుకున్నాడు.

నాగదుర్గ గెలిచిన మనిషిలా ఇంటికొచ్చి అంతా చెప్పింది. కిరీటి విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పాపం రావుగారు అన్నాడు. తర్వాత కుడిచెయ్యి చాపి, సగం తిప్పి, ఆగిపోయాడు.

"ఇంకేంటండీ?" అంది నాగదుర్గ. ఆవిడకి నిజంగా భయం వేసింది.

"వాడు చంపాడు, సరే. నేను నట్టు బిగించానా లేదా, అది తేలలేదు కదా నాగా. వాడు చంపకపోతే ఆ బ్రేకు చంపేదేమో. కోర్టు వదిలేస్తుంది. రేపు ఇంకోడి బండి కింద దూరి నేనెట్లా బిగించను? ఈ చేతిని నేనెట్లా నమ్మను?"

నెత్తీ నోరూ కొట్టుకుంది నాగదుర్గ. ఎస్సైని ఒప్పించింది, హంతకుణ్ణి పట్టించింది, ఈ ఒక్క మొగుణ్ణి మాత్రం ఏ ఫోటో పెట్టి ఒప్పించాలి? ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు.

సోమవారం కోర్టులో కేసు వాయిదా పడింది. నాగదుర్గ అటునుంచి అటే కిరీటిని చెయ్యి పట్టుకుని అంకమ్మరావు షెడ్డుకి లాక్కొచ్చింది. ఎందుకో తనకే తెలియదు. ఆ కారు చూస్తూనే ఆయన ముఖం పాలిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

నాగదుర్గ వెనక తలుపు తీసింది.

"అమ్మవారేదీ?" అన్నారు రావుగారు.

"ఇదుగో, చూడండి మహానుభావా," అని ఫోను ఆయన ముందు పెట్టింది. స్టేషను బీరువాలో ఉన్న బొమ్మ ఫోటో, రేణుకగారు పంపించింది. "మునగలేదు, చెడలేదు. బీరువాలో పెట్టేటప్పుడు ఎస్సైగారు బూట్లు కూడా విప్పారట. మీ సీటుతో సహా భద్రంగా ఉన్నారు. చాలా?"

రావుగారు ఫోటో వైపు వంగి, జోడు పైకెత్తుకుని చూశారు. మూలన ఉన్న ఆకుపచ్చ కుట్లు కూడా చూసి ఉంటారు, నవ్వారు. తర్వాత, నాగదుర్గ పద్నాలుగేళ్ళలో ఎవరూ చేయని పని చేశారు. సీట్లోంచి లేచి, కారు దిగి, పక్కన నిలబడ్డారు. వెళ్ళబోతూ ఏదో మర్చిపోయినట్టు ఆగారు.

"అన్నట్టు అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. బ్రేకు భలే పడింది. ఇబ్రహీంపట్నం దాటాక గేదె అడ్డం వచ్చింది. వేణు గట్టిగా తొక్కాడు. గేదె తోక బానెట్‌కి తగిలింది, అంతే."

నాగదుర్గ నోరు తెరిచింది. వచ్చింది మాట కాదు, కేక.

"ఈ ముక్క బుధవారం చెప్పడానికి మీకేం వచ్చిందండీ!"

"ఎవరితో?" అన్నాడు కిరీటి గుమ్మంలోంచి.

"మీ రావుగారితో! బ్రేకు పడిందట! ఇబ్రహీంపట్నం దాటాక గేదె అడ్డమొస్తే ఆగిందట!"

కిరీటి నవ్వలేదు, కళ్ళ డాక్టరు అనలేదు. నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. ఆ ఖాళీ చోటు వైపు చూసి, పెదాలు తడుపుకుని, ఒక్క మాట అడిగాడు.

"తొక్కినప్పుడు బండి ఎటు లాగింది?"

నాగదుర్గకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఒకవైపు పైపు వదులైతే బండి రెండోవైపుకి లాగుతుందని ఆవిడకెలా తెలుస్తుంది? సీట్లు కుట్టే మనిషి ఆవిడ. ఆయన అడిగింది అడిగినట్టు రావుగారిని అడిగింది. చెప్పింది చెప్పినట్టు మొగుడికి చెప్పింది.

"ఎటూ లాగలేదట. గీత గీసినట్టు తిన్నగా ఆగిందట."

కిరీటి బురద టైరు పక్కనే నేల మీద కూచుండిపోయి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. టింకరింగ్ చేసేవాళ్ళు సుత్తులు ఆపి చూశారు. నాగదుర్గ పక్కన కూచుని వీపు రాసింది, తనూ ఏడ్చింది.

"ఉన్నారా ఇంకా?" అన్నాడు కాసేపటికి.

"వెళ్ళిపోయారు."

"థాంక్స్ చెప్పావా?"

"తిట్టాను."

కిరీటి చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. అంకమ్మరావుని పదో నంబరు స్పానరు అడిగి తీసుకుని, ముందు ఎడమ చక్రం దగ్గర చొక్కా మాసేలా పడుకుని కారు కిందికి దూరాడు. క్రేను వదులు చేసిన నట్టుకి స్పానరు పెట్టి తిప్పాడు. ఈసారి చెయ్యి సగంలో ఆగలేదు.